తాతకి వేసే ఫిట్సు బిళ్ల మనవరాలికి వెయ్యొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. నేను జీడిపప్పు పీలింగ్ పనికి వెళ్తాను, మా ఆయన చెన్నైలో కూలిపని. పాపకి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. పోయిన నెల పొద్దున్నే పళ్లు తోముకుంటూ నూతి చప్టా మీద పడిపోయింది. కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నాలిక కరుచుకుంది. తాళాల గుత్తి చేతిలో పెట్టాక తగ్గింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఫిట్సు అన్నాడు. మా మావగారికి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ దానంతటదే కొట్టుకుంటుంది. ఆయనకీ ఫిట్సేనని పెద్దాసుపత్రిలో కార్బమజెపైన్ బిళ్లలు రాశారు. జబ్బు ఒకటే కదా అని వారం నుంచి పాపకి అందులో సగం వేస్తున్నాం. మళ్లీ పడిపోలేదు గానీ పొద్దున్నపూట చేతులు అదరడం ఎక్కువైంది. టీ గ్లాసు రెండుసార్లు చేతిలోంచి ఎగిరిపోయింది. పక్కింటి బాబుకి జ్వరంలో ఫిట్సు వచ్చింది. మా తమ్ముడికి తాగుడు మానేసినప్పుడు వచ్చింది. ఇది ఇన్ని రకాలుగా ఎందుకొస్తుంది? వంశంలోనే ఉందా? పాపకి పెళ్లి చెయ్యొచ్చా? స్నానానికి ఒక్కదాన్నీ పంపాలన్నా భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, మిగతా సంగతులకి ముందు ఒక్క మాట. ఆ సగం బిళ్ల పాపకి సరిపడేది కాదని మీ ఉత్తరం చదువుతుంటేనే అనిపిస్తోంది. రెండు మూడు రోజుల్లోపే శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, విశాఖ కేజీహెచ్‌లో గానీ నరాల డాక్టరుకి చూపించండి. ఆ బిళ్ల ఎలా ఆపాలో, దాని బదులు ఏది మొదలుపెట్టాలో వాళ్లే చెబుతారు. వెళ్లేటప్పుడు మావగారి మందు చీటీ కూడా పట్టుకెళ్లండి. ఈలోపు పాప ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, జ్వరం తగిలినా బిళ్ల వెయ్యడం ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కార్బమజెపైన్ కొందరికి మొదటి వారాల్లో ఒళ్లంతా బొబ్బలెక్కించేంత పని చేస్తుంది. ఇది అరుదే, కానీ వచ్చిందంటే ప్రాణం మీదికి తెస్తుంది.

మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఇదే తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ కూతురిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి పడిపోయి కొట్టుకుందని చెప్పింది. నేను వెంటనే చీటీ రాసేశాను, కార్బమజెపైనే. చీటీ అందుకుంటూ ఆ తల్లి, ‘పొద్దున్న గిన్నెలు తోముతుంటే గరిటెలు విసిరేస్తాది బాబూ, కోపమనుకున్నాం’ అంది. విన్నాను, తలూపాను, తర్వాతి మనిషిని పిలిచాను. పదిహేను రోజులకి వాళ్లు మళ్లీ వచ్చారు. ఇప్పుడు గరిటెలే కాదు, అన్నం ముద్ద కూడా నోటి దాకా వెళ్లడం లేదట. మధ్యలోనే చెయ్యి ఎగిరిపడుతోందట. అసలు జబ్బు పేరు ఆ గరిటెల మాటలోనే ఉంది. నాకది వినబడలేదు, అంతే. అప్పట్నుంచీ ఫిట్సు అని ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, ‘పొద్దున్న లేవగానే చేతులు అదురుతాయా?’

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘పడిపోయింది’ కాదు. టీ గ్లాసు.

మామూలుగా మెదడులో కోట్ల నరకణాలు దేని పని అది చేసుకుంటూ పోతాయి, కాశీబుగ్గ సంతలో ఎవరి బేరం వాళ్లదన్నట్టు. ఆ సందడే ఆరోగ్యం. ఫిట్సు వచ్చినప్పుడు అవి సొంత బేరాలు వదిలేసి తప్పెటగుళ్ల జట్టులాగా ఒకే దెబ్బ, ఒకే అడుగు మొదలుపెడతాయి. గుండె మీద తప్పెట మోగితే చూడటానికి బాగుంటుంది గానీ, మెదడులో అందరూ ఒకే తాళం వేస్తే మనిషి మన చేతిలో ఉండడు. ఆ తాళం మెదడులో ఎక్కడ మొదలైంది, ఎంత దూరం పాకింది అన్నదాన్ని బట్టే ఫిట్సు రకాలు. పాతరోజుల్లో కాకిసోమాల అన్నా, ఆయుర్వేదంలో అపస్మారం అన్నా, మనం మూర్ఛ అన్నా అన్నీ ఈ ఒక్క గొడవకి పేర్లే. చిక్కేమిటంటే, పేరు ఒకటే కాబట్టి జబ్బూ ఒకటే అనుకుంటాం.

మీ ఇంట్లోనే చూడండి. మావగారి తాళం మెదడులో ఒక మూల మొదలవుతుంది. పక్షవాతంలో దెబ్బతిన్న చోట మచ్చ మిగిలిపోతుంది, ఆ మచ్చ అంచున ఉన్న కణాలు రెచ్చిపోతాయి. ఆయనకి ఎడమ చెయ్యి కొట్టుకుంటుందన్నారు కాబట్టి గొడవ కుడివైపు మెదడులో. అది అక్కడే ఆగిపోతే ఆయన మాట్లాడుతూనే ఉంటారు, చెయ్యి మాత్రం కొట్టుకుంటుంది. ఒక్కోసారి వేళ్ల దగ్గర మొదలై మోచెయ్యి, భుజం, మూతి దాకా వరసగా పాకుతుంది. ఇంకా పాకి రెండువైపులకీ చేరితే స్పృహ పోయి ఒళ్లంతా కొట్టుకుంటుంది. దీన్ని డాక్టర్లు ఫోకల్ ఫిట్సు అంటారు, ఒక చోట పుట్టినది అని. కార్బమజెపైన్ దీనికి మంచి మందే. ఫిట్సు తగ్గాక ఒక్కోసారి ఆ చెయ్యి కాసేపు చచ్చుబడినట్టు వేలాడుతుంది. చాలామందికి కొన్ని గంటల్లో తేరుకుంటుంది. కానీ అది ఫిట్సు తర్వాత వచ్చే నీరసమా, కొత్తగా వచ్చిన పక్షవాతమా అన్నది ఇంట్లో తేల్చుకోకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మావగారి గురించి ఇంకో మాట కూడా. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు. ఆయనకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఈమధ్య చేయించారా? కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక ఒంట్లో పేరుకున్న చెడు వల్లే ఫిట్సు రావొచ్చు. ఫిట్సు మందుల్లో కొన్నింటి మోతాదు కిడ్నీని బట్టి తగ్గించాల్సి ఉంటుంది. లెవెటిరాసెటమ్ అలాంటిదే. కార్బమజెపైన్ పెద్ద వయసు వాళ్లకి రక్తంలో సోడియం తగ్గిస్తుంది. సోడియం బాగా తగ్గినా ఫిట్సే. మందు వేస్తున్నా ఆయన మగతగా, మాట తడబడుతూ ఉంటే ‘వయసు కదా’ అని వదిలెయ్యకండి. సోడియం, క్రియాటినిన్ రెండూ ఒకే రక్తం సీసాతో తేలిపోతాయి.

పాప సంగతి వేరు. ఆమెకి తాళం ఒక మూల కాదు, మొదటి నుంచే రెండువైపులా ఒకేసారి మొదలవుతున్నట్టుంది. వయసు 12 నుంచి 18 మధ్య, ఉదయం నిద్ర లేచిన గంట రెండు గంటల్లోపు భుజాలూ చేతులూ షాక్ కొట్టినట్టు ఒక్కసారి ఎగిరిపడటం, చేతిలో ఉన్న బ్రష్షో, దువ్వెనో, గ్లాసో విసిరేసినట్టు పోవడం, ఆ అదుర్లు వరసగా వచ్చి ఒక రోజు పెద్ద ఫిట్సు. దీనికి జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని పొడుగు పేరుంది, డాక్టర్లు జేఎంఈ అంటారు. అదుర్లు వచ్చేటప్పుడు స్పృహ ఉంటుంది, అందుకే ఎవరూ వాటిని ఫిట్సు అనుకోరు. అజాగ్రత్త అంటారు, పొగరంటారు, రెండు చీవాట్లు పెడతారు. మీరూ పెట్టే ఉంటారు, ఫర్లేదు. జబ్బుని నేను చూడకుండా ఖాయం చెయ్యకూడదు, చెయ్యడం లేదు. కానీ డాక్టరుకి పడిపోయిన సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. గ్లాసు సంగతి ముందు చెప్పండి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటివి ఒక మూల పుట్టే ఫిట్సుని ఆపుతాయి గానీ, ఈ అదుర్లని చాలాసార్లు పెంచుతాయి. వారంలో మీరు చూసింది అదే కావొచ్చు.

ఇలాంటి ఫిట్సుకి నిద్ర తక్కువైతే చాలు, పెట్రోలు పోసినట్టే. ఇంటర్ పరీక్షలంటే రాత్రి ఒంటిగంట దాకా చదువు, నాలుగింటికి అలారం. పడిపోయిన ముందు రాత్రి పాప ఎన్ని గంటలు పడుకుందో గుర్తు తెచ్చుకోండి. జాతరకో, పెళ్లికో తెల్లవార్లూ మేలుకున్న మర్నాడు, మందు ఒక పూట మరిచిన మర్నాడు, కొందరు ఆడపిల్లలకి నెలసరి రోజుల్లో ఇవి ఎక్కువగా వస్తాయి. ఇక నుంచి రాత్రి పదింటికి పుస్తకం మూయించండి. ర్యాంకు పోతే పోయింది.

పక్కింటి బాబుది వేరే కథ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి జ్వరం ఎక్కేటప్పుడు ఒకసారి కొట్టుకుని ఆగిపోతుంది. అది చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా, ఎక్కువమంది పిల్లలకి తర్వాత మూర్ఛ జబ్బు రాదు, రోజూ మందు వెయ్యనక్కర్లేదు. అయితే జ్వరంతో పాటు బాబు మగతగా పడి ఉన్నా, మెడ బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా అది మెదడువాపు కావొచ్చు. ఏజెన్సీ వైపు అయితే మెదడుకెక్కిన మలేరియా కూడా కావొచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం పనికిరాదు. మన ఇళ్లల్లో ఎవరూ అనుమానించనిది ఇంకోటి ఉంది, దేవుడి గూట్లో హారతి కర్పూరం. పటికబెల్లం ముక్కనుకుని పసిపిల్లలు నోట్లో వేసుకుంటారు, కాసేపటికే ఫిట్సు రావొచ్చు. జలుబుకి కర్పూరం, నీలగిరి తైలం నోట్లో వెయ్యడం, పసివాళ్లకి ముక్కు దగ్గర దట్టంగా రాయడం కూడా ప్రమాదమే.

మీ తమ్ముడిది మూర్ఛ జబ్బే కాకపోవచ్చు. రోజూ తాగే మనిషి ఒక్కసారి మానేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్సు రావడం మామూలే. తాగింది దిగిపోయేసరికి మెదడు బ్రేకు లేని బండిలా అవుతుంది. అందుకని ‘తాగకపోతే ఫిట్సొస్తది, కాబట్టి తాగాలి’ అని వాళ్లు చెప్పే లెక్క మాత్రం ఒప్పుకోకండి. ఆసుపత్రిలో నాలుగైదు రోజులు ఉంచి మందులిచ్చి మాన్పిస్తే ఇది చాలావరకు రాదు. షుగరు బిళ్ల వేసుకుని అన్నం తినకుండా పొలానికి వెళ్లినవాళ్లకి చక్కెర పడిపోయి వచ్చేదీ, పురుగుమందు ఒంట్లోకి పోయి వచ్చేదీ ఈ కోవకే చెందుతాయి. కారణం తీసేస్తే ఫిట్సు పోతుంది. వీటిని మూర్ఛ జబ్బు లెక్కలో వెయ్యరు. ఏ కారణమూ లేకుండా, 24 గంటలకి పైగా ఎడంతో రెండుసార్లు వస్తేనే మామూలుగా మూర్ఛ అంటారు. ఒక్కసారే వచ్చినా, మెదడు తీరుని గీతల్లో చూపే ఈఈజీలోనో స్కాన్‌లోనో మళ్లీ వచ్చే అవకాశం గట్టిగా కనిపిస్తే అప్పుడూ అంటారు. మీ పాప విషయంలో పెద్దది ఒక్కటే వచ్చిందని డాక్టరు తేలిగ్గా తీసుకోకూడదంటే, ఆ అదుర్ల సంగతి మీరు చెప్పి తీరాలి. అవీ ఫిట్సే.

మీరు రాయలేదు గానీ, చెప్పకుండా వదిలెయ్యలేని రకాలు రెండున్నాయి. బడిలో పాఠం వింటూ వింటూ పిల్లవాడు పది సెకన్లు గుడ్లప్పగించి ఆగిపోతాడు, రెప్పలు కాస్త కొట్టుకుంటాయి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటాడు. నోట్సులో మధ్యలో ఒక మాట ఎగిరిపోయి ఉంటుంది. రోజుకి పదులసార్లు వస్తుంది. ‘పరధ్యానం’ అని పిల్లవాడి వీపు పగలగొడతారు. అది ఆబ్సెన్స్ ఫిట్సు, దానికీ మంచి మందుంది. ఇక రెండోది పెద్దవాళ్లలో ఎక్కువ. కడుపులోంచి ఏదో పైకి పొర్లుకొచ్చినట్టు, లేని వాసన ఏదో వచ్చినట్టు, ఇదంతా ఇంతకుముందే జరిగిపోయినట్టు అనిపిస్తుంది. తర్వాత మనిషి మన మాట వినడు. నోరు చప్పరిస్తూ, చీర కొంగో లుంగీ అంచో పిసుకుతూ నిమిషమో రెండు నిమిషాలో ఉంటాడు. తేరుకున్నాక ఏమీ గుర్తుండదు. కింద పడడు, నురగ రాదు. అందుకని గాలి సోకిందంటారు, దిష్టి అంటారు, భూతవైద్యుడి దగ్గర వేపమండల దెబ్బలు తినిపిస్తారు. ఇది కణతల దగ్గర ఉండే టెంపొరల్ భాగంలో పుట్టే ఫిట్సు. వీళ్లలో కొందరికి మందులతో తగ్గకపోతే ఆపరేషన్ చేసి ఆ చిన్న ముక్క తీసేస్తే పూర్తిగా ఆగిపోతుంది.

తలంటు పోసుకునేటప్పుడు వేడినీళ్లు తల మీద పడగానే వచ్చే ఫిట్సు కూడా ఒకటుంది, మన దక్షిణాదిలో బాగా ఎరిగినదే. వాళ్లకి గోరువెచ్చని నీళ్లతో పోస్తే సగం సమస్య తీరిపోతుంది.

వంశంలో ఉందా అంటే, మీ ఇంట్లో మూడు కథలూ మూడు వేర్వేరు కారణాలు. ఒకదానికొకటి చుట్టరికం లేదు. మావగారిది పక్షవాతం మచ్చ, తమ్ముడిది తాగుడు. పాపది మాత్రం, జేఎంఈయే అయితే, పుట్టుకతో వచ్చిన మెదడు తీరు, అందులో జీన్ల పాత్ర ఉంటుంది. అలాగని తల్లి నుంచి బిడ్డకి నగలా చేతులు మారేది కాదు. మూర్ఛ ఉన్నవాళ్లకి పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఆ జబ్బు రాదు. ఇక ఊళ్లో మిగతావాళ్ల మూర్ఛలకి కారణాలు చూస్తే, కాన్పు కష్టమై బిడ్డకి ఊపిరి అందకపోవడం, బైకు మీంచి పడి తలకి దెబ్బ, చిన్నప్పటి మెదడువాపు, గడ్డలు. ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది, అందులో సగం మందికి కారణం తేలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కారణం తేలకపోయినా మందు పనిచేస్తుంది, అది వేరే సంగతి.

మన దేశంలో స్కాన్‌లో తరచుగా కనిపించే కారణం ఒకటుంది, బద్దెపురుగు. దీని గురించి ఊళ్లల్లో రెండు అపోహలు. పంది మాంసం తింటేనే వస్తుందని ఒకటి, క్యాబేజీ పురుగు మెదడులోకి పాకుతుందని ఇంకోటి. ఉడకని పంది మాంసం తిన్నవాడికి పేగులో పురుగు పెరుగుతుంది, నిజమే. కానీ మెదడులోకి వెళ్లేది ఆ పురుగు పెట్టే గుడ్లతో వచ్చే చీడ. ఆ మనిషి బయలుకి వెళ్లినప్పుడు గుడ్లు మట్టిలోకి, మడిలోకి, ఆకుకూర మీదికి, కడుక్కోని చేతిలోంచి పకోడీ మీదికి చేరతాయి. తిన్నవాడు పుట్టు శాకాహారి అయినా మెదడులో చిన్న నీటిబుడగలా కూర్చుంటుంది, కొన్నాళ్లకి ఫిట్సు తెస్తుంది. క్యాబేజీ చేసిన పాపం ఏమీ లేదు, కడగకపోవడమే పాపం. స్కాన్‌లో ఇది కనబడితే భయపడకండి, దీనికి మందులున్నాయి, చాలామందికి కరిగిపోతుంది. మెడికల్ షాపులో నులిపురుగుల బిళ్ల కొనుక్కుని సొంతంగా వేసేస్తే మాత్రం మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు.

పాపకి పరీక్షల్లో ముఖ్యమైనది ఈఈజీ. తలకి తీగలు అతికించి ఆ తాళాన్ని గీతల్లో చూస్తారు. నొప్పి ఉండదు, కరెంటు పెట్టరు. ముందు రాత్రి నిద్ర తగ్గించి రమ్మని చెప్పొచ్చు, లోతుగా ఊపిరి పీల్చి వదలమనొచ్చు, కళ్ల ముందు లైటు మినుకుమినుకుమనిపించొచ్చు. అది మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఫిట్సు లేని వేళ తీస్తున్నాం కదా. ఈ రకంలో ఎంఆర్ఐ కూడా చాలావరకు మామూలుగానే వస్తుంది. అందుకే వేల రూపాయల స్కాన్ కంటే మీ చేతిలో ఫోను ఎక్కువ చెబుతుందంటాను. రేపు ఉదయం పాప టీ తాగేటప్పుడు పక్కన కూర్చుని వీడియో తియ్యండి. చెయ్యి ఎగిరిపడింది దొరికితే డాక్టరుకి సగం పని అయిపోయినట్టే. మళ్లీ పెద్దది వస్తే పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టాక ఇంకొకరిని తియ్యమనండి. ఎలా మొదలైంది, తల ఎటు తిరిగింది, ఎన్ని నిమిషాలు, తర్వాత ఎంతసేపటికి మిమ్మల్ని గుర్తుపట్టింది అన్నవి ఆ డాక్టరు ఎన్ని పుస్తకాలు చదివినా మీరు చెబితేనే తెలుస్తాయి.

మందు విషయంలో ఒక్కటి మీ చెవిన వెయ్యాలి. ఈ జబ్బుకి వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, ధర తక్కువ. కానీ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్లలకి వీలైనంతవరకు వేరేది చూస్తారు, చాలాసార్లు లెవెటిరాసెటమ్. అది వేసుకున్నాక కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అలా అయితే డాక్టరుకి చెప్పి మార్పించుకోండి, మీరే ఆపెయ్యకండి. ‘ఆడపిల్ల కదండీ, రేపు పెళ్లి, పిల్లలు’ అని మీరే నోరు తెరిచి అడగండి. ఆస్పత్రి హడావుడిలో అడగనిదే గుర్తుకురాని ప్రశ్న ఇది. జేఎంఈ మందుకి బాగా లొంగుతుంది, కానీ మందు ఆపితే చాలామందికి తిరగబడుతుంది. ఏళ్ల తరబడి వేసుకోవాల్సి రావొచ్చు, షుగరు బిళ్ల వేసుకోవడం లేదూ అలాగే. మాల వేసుకున్నామనో, ఉపవాసమనో, ఊరెళ్లామనో బిళ్ల మానితే ఆ మర్నాడే రావొచ్చు. ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఇంట్లో ఎక్కువ ఉంచండి. తుఫాను వచ్చి మూడు రోజులు రోడ్లు మూసుకుపోవడం మీ వైపు కొత్తేమీ కాదు.

పద్దెనిమిదేళ్లు నిండాక పెళ్లి చెయ్యొచ్చు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి ఒక అడ్డు ఉండేది, 1999లో సవరించి ఆ మాట తీసేశారు. చట్టం వదిలేసినా మనుషులు వదల్లేదు, అది నాకూ తెలుసు. అయినా దాచి చెయ్యకండి. దాచిన పెళ్లిళ్ల సంగతి చూస్తూనే ఉన్నాను. అత్తారింట్లో బిళ్లలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బియ్యం డబ్బాలో దాస్తారు, అందరూ పడుకున్నాక వేసుకుందామని మరిచిపోతారు, కొత్త ఇల్లు, నిద్రలేమి, మూడోవారం ఫిట్సు. అప్పుడు జబ్బు కంటే మోసం అన్న మాట పెద్దదవుతుంది. రెండేళ్లు మందుతో ఫిట్సు లేకుండా ఉన్న పిల్ల అని, డాక్టరు చీటీ చూపించి చెప్పండి. కాదన్నవాళ్లు కాదంటారు. పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే డాక్టరుని కలిసి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, మందు మార్చాల్సి ఉంటే మార్పించుకోవాలి. మూర్ఛ ఉన్న తల్లుల్లో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డల్నే కంటారు.

తాళాల గుత్తి గురించి అడగలేదు గానీ చెబుతాను. పెట్టినందుకు తగ్గలేదమ్మా, తగ్గే టైముకి పెట్టారు. పెద్ద ఫిట్సు మామూలుగా ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఇంట్లో కేకలు వేసి, తాళాలు వెతికి, బిగిసిన పిడికిలి విప్పి పెట్టేసరికి ఆ టైము అయిపోతుంది. ఇనుము, ఉల్లిపాయ, చెప్పు వాసన అన్నింటికీ పేరు అలాగే వచ్చింది. ఇనుప తాళం పిడికిట్లో పెడితే అరచెయ్యి గాట్లు పడుతుంది, అంతకు మించి ఏమీ లేదు. నోట్లో చెంచా పెట్టకండి, పళ్లు విరుగుతాయి. కరుచుకున్న నాలిక నాలుగు రోజుల్లో మానుతుంది, విరిగిన పన్ను మళ్లీ రాదు. నీళ్లు పొయ్యకండి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. తల కింద మెత్తటిది పెట్టి, కొట్టుకోవడం తగ్గుతుండగానే పక్కకి తిప్పితే నురగ బయటికి కారిపోతుంది. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోది మొదలైనా 108కి ఫోన్ చెయ్యండి.

మందు కుదిరి, ఫిట్సు లేదని డాక్టరు చెప్పేదాకా పాపని నూతి దగ్గరికి, కట్టెల పొయ్యి దగ్గరికి, చెరువుకి ఒంటరిగా పంపకండి. స్కూటీ ఇవ్వకండి. సెలవుల్లో మీతో పాటు ఫ్యాక్టరీకి తీసుకెళ్లినా పీలింగ్ దగ్గర కూర్చోబెట్టండి, పిక్కలు వేయించే వేడి వైపు వద్దు. కాలేజీ మాత్రం మాన్పించకండి. పక్కన కూర్చునే స్నేహితురాలు ఒకరికి, క్లాసు టీచరుకి సంగతి చెప్పి ఉంచితే చాలు.

స్నానానికి ఒక్కతే వెళ్లొచ్చు. కుర్చీపీట మీద కూర్చుని, బకెట్‌లో నీళ్లు చెంబుతో పోసుకోమనండి. పొద్దున్న లేవగానే కాకుండా కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం పోసుకుంటే ఇంకా నయం, అదుర్లు వచ్చే వేళ దాటిపోతుంది. తలుపుకి గడియ వెయ్యొద్దని చెప్పండి. పదిహేడేళ్ల పిల్ల కాబట్టి ఒప్పుకోదు. బయట తలుపు మీద తన తువ్వాలు వేలాడదీస్తే లోపల మనిషి ఉన్నట్టని ఇంట్లో అందరికీ, మావగారితో సహా, ముందే చెప్పి ఉంచండి.